సింగపూర్‌లో కోసిన అరటాకు

సింగపూర్ వెళ్ళొచ్చినవాళ్ళని అందరూ ఏం కొన్నావని అడుగుతారు. నన్నూ అడిగారు. నేను కొన్నది తక్కువ, తిన్నది ఎక్కువ. తిన్నవాటిలో చీవాట్లు కూడా ఉన్నాయి. అవి ఎందుకు తిన్నానో చెప్పాలంటే ముందు మా పెరటి సంగతి చెప్పాలి.

మేముండేది ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరంలో. నేను పుట్టిందేమో రావులపాలెం దగ్గర, అరటి గెలల మధ్య. పెర్త్ వాతావరణాన్ని మెడిటరేనియన్ అంటారు. ఏం లేదండీ, వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలంలో చుక్క రాలదు. పైగా కాలాలు మనకి తిరగబడి, జూన్ జూలైల్లో చలి, డిసెంబరు జనవరిల్లో ఎండలు. అరటికి వేడీ నీళ్ళూ ఒకేసారి కావాలి. ఇక్కడ అవి రెండూ మొహమొహాలు చూసుకోవు. "అంజూరం వెయ్యి, ఆలివ్ వెయ్యి, అవైతే నువ్వు మర్చిపోయినా బతుకుతాయి" అని పక్కింటి గ్రీకు పెద్దాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేను వింటానా? ఎండ బాగా తగిలే ఇటుక గోడకి ఆనించి అరటి, దాని పక్కన బొప్పాయి, ఓ మామిడి, కరివేపాకు అన్నీ దించాను. మామిడి కాస్తోంది. బొప్పాయి కాస్తోంది. అరటి మాత్రం నా పరువు తీస్తూ వచ్చింది. పుట్టిన ఊరు చెప్పుకోవడానికి సిగ్గేసేలా, వేస్తే వేలెడేసి కాయలు, లేకపోతే అదీ లేదు.

ఆ అరటి పిలకని తన చేత్తో గుంటలో పెట్టి నాటింది మాత్రం మా అత్తయ్యగారు. మాతోనే ఉంటున్నారు. ఏప్రిల్‌లో విజయవాడలో మా బావగారింటికి వెళ్ళిపోతున్నారు, ఈ మోకాళ్ళతో మళ్ళీ విమానం ఎక్కనని తేల్చి చెప్పేశారు. ఇక్కడి కొట్లో అరటిపళ్ళు ఆవిడకి సబ్బు బిళ్ళలు. ఈ దేశంలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది ఒకటే, తను నాటిన చెట్టు పండు ఒక్కటి తిని వెళ్ళాలని. అంటే మిగిలింది ఈ ఒక్క ఎండాకాలమే.

పళ్ళు లేకపోయినా మా ఇంటికి పేరు మాత్రం ఉంది. పెర్త్‌లో ఏ తెలుగువాళ్ళకి అరటాకు కావాలన్నా మా ఇంటికే వస్తారు. పూజకి, పుట్టినరోజుకి, అన్నిటికంటే ముఖ్యంగా కార్తీక వనభోజనాలకి. ఊరంతటికీ ఆకులిచ్చే ఇల్లని నేను చాటుకునేదాన్ని, అబద్ధమెందుకు.

దీపావళికి రమ్మని మా అక్క కూతురు స్రవంతి సింగపూర్ నుంచి ఒకటే పోరు. చెట్టుని మా ఆయనకి అప్పజెప్పి బయల్దేరాను.

సెంగ్‌కాంగ్

విమానం దిగాక గడియారం తిప్పుకోనక్కర్లేదు, రెండు ఊళ్ళకీ ఒకటే టైము. మారేది గాలి. విమానాశ్రయం తలుపు దాటానో లేదో కళ్ళజోడు మీద ఆవిరి పట్టేసింది. జనం ఉక్కపోత అని విసుక్కుంటున్నారు, నాకు మాత్రం ఈ గాలి కాస్త సీసాలో పట్టుకెళ్ళి మా అరటికి పోద్దామనిపించింది.

స్రవంతి వాళ్ళుండేది సెంగ్‌కాంగ్‌లో. ఫ్లాట్ల మధ్యనుంచి రెండు పెట్టెల చిన్న రైలు బొమ్మరైల్లా తిరుగుతుంది. స్రవంతి భర్త కిరణ్ యూనివర్సిటీలో రీసెర్చి చేస్తాడు. వాళ్ళ పాప మీనూకి ఎనిమిదేళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నాను.

"ఆల్రెడీ మకాన్ లా, చిన్నమ్మమ్మా" అంది. మకాన్ అంటే తినడమట. మలయ్ మాట. లా అనేది ఇక్కడ ప్రతి మాటకీ తగిలించే తోక.

వాళ్ళ వంటింటి కిటికీలోంచి కిందికి చూస్తే బ్లాకు పక్కన కంచె వేసిన తోట. అంత ఎత్తు నుంచి కూడా నా కళ్ళు మొదట అరటి గుబురు మీదే పడ్డాయి. ఎంత పెద్ద ఆకులో! ఒక్కటీ చిరగలేదు. మా ఊళ్ళో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే ఆకులన్నీ పేలికలే. నాకు కడుపు మండిపోయింది.

"ఆ తోట ఎవరిదే?"

"బ్లాకులో వాళ్ళది పిన్నీ. తలా ఒక మడి. నా మడిలో గోంగూర వేశా."

"మరి అరటి?"

"అది అందరిదీ."

అందరిదీ అన్న మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

సెరంగూన్ రోడ్డు

మర్నాడు ఆదివారం. లిటిల్ ఇండియాలో దీపావళి దీపాలు రోడ్డుకి అడ్డంగా తోరణాల్లా కట్టేశారు. సెలవు రోజు కదా, పనివాళ్ళంతా అక్కడే. ఇంటికి డబ్బు పంపే కొట్ల ముందు వరసలు. తమిళం, బెంగాలీ, మధ్యలో ఎక్కడో మన "ఒరేయ్" వినపడితే ప్రాణం లేచొచ్చింది.

స్రవంతి, పాప చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నేను భోజన హోటల్లో ఖాళీ బల్ల చూసుకుని కూర్చున్నాను. బల్ల మీద టిష్యూల పొట్లం ఒకటి పడి ఉంది. పాపం ఎవరో మర్చిపోయారు అనుకుని విప్పి మూతి తుడుచుకున్నాను. వెనకనుంచి ఒకతను వచ్చి నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఇస్త్రీ చొక్కా, చేతిలో టోకెను. నా చేతిలో పొట్లం చూసి నవ్వేశాడు.

"తెలుగోలేనా అమ్మా? అది మూతి తుడుచుకోడానికి కాదమ్మా, అది సీటు. ఇక్కడ పొట్లం పెడితే బల్ల మనదైపోద్ది. చోప్ అంతారు."

మనూళ్ళో బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేస్తామే, అదన్నమాట. సిగ్గుతో చచ్చాను. లేవబోతే లేవనివ్వలేదు. సిక్కోలు వైపు మనిషి, షిప్‌యార్డులో వెల్డింగు పని. అతని ముందు అరటాకు వెయ్యగానే నీళ్ళు చల్లి ఆకుని అరచేత్తో ఒకటికి రెండుసార్లు తుడిచాడు. పెళ్ళి పంక్తిలో కూర్చున్నవాడిలా ఉన్నాడు.

"వారమంతా డబ్బా కూడేనమ్మా. మూత తీస్తే అన్నీ ఒకటే వాసన. ఆదివారం ఆకేసి పెడితే మనిషినైనట్టుంతాది" అన్నాడు.

సాంబారు తమిళ సాంబారు, పప్పులో ఉప్పు తక్కువ. అయినా ఆ మాట విన్నాక వంక పెట్టబుద్ధి కాలేదు. ఆకంటే అంతేనండీ. పెర్త్‌లో కూడా మా ఆకులు చేతికందుకున్నప్పుడు జనం మొహాలు అలాగే వెలిగేవి, అందుకే ఎవరికీ లేదనేదాన్ని కాదు.

బయట కొట్లో పండగకి కట్టలు కట్టలుగా అరటాకులు. కట్ట రెండు డాలర్లు. స్రవంతి పర్సు తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"రావులపాలెం పిల్లవి, అరటాకు కొంటావుటే? కింద తోటలో అంత చెట్టుండగా?"

"పిన్నీ, అది..." అని ఏదో చెప్పబోయింది. నేను చెప్పనిస్తేగా.

అందరి చెట్టు

దీపావళి పొద్దున్న స్రవంతి తలంట్ల హడావుడిలో ఉంది. నేను కూరలు తరిగే కత్తి తీసుకుని, తోట తాళం తీసుకుని లిఫ్టులో దిగాను. లిఫ్టులో ఒక కుర్రజంట నన్ను, కత్తిని చూసి గోడకి అతుక్కుపోయారు. "హ్యాపీ దీపావళి" అన్నాను. వాళ్ళు తర్వాతి అంతస్తులోనే దిగిపోయారు.

దగ్గర్నుంచి చూస్తే ఇంకా ముద్దొచ్చింది. నడుమంత బోదె, నిండు గెల, హస్తాలన్నీ లెక్కగా విచ్చుకుని ఉన్నాయి. ఒక మంచి ఆకు కింద చెయ్యి పెట్టి సర్రున కోశాను. రెండోది కోశాను. మూడోదాని మీద కత్తి పెట్టాను.

"అలామక్! ఏం చేస్తున్నావు నువ్వు?"

తలకి స్కార్ఫు, చేతిలో నీళ్ళ డబ్బా, నా ఈడే ఉంటుంది. బ్లాకులో అందరికీ ఆవిడ రోకియా ఆంటీ. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైంది. ఆ తోట కమిటీకి ఆవిడే పెద్దని తర్వాత తెలిసింది. ఆవిడ ఇంగ్లీషులో వాయించిందంతా నాకు తెలుగులోనే గుర్తుంది.

"గెల మీదున్న చెట్టు ఆకు ఎవరైనా కోస్తారా? నీకు అరటి తెలుసా అసలు?"

నాకు అరటి తెలుసా అని! ఒళ్ళు మండిపోయింది. "మాది అరటి దేశం. నీకంటే ముందు తెలుసు. మేం ఆకు మీద అన్నం తింటాం" అన్నాను.

"మేం మాత్రం తినమా? అన్నం కడతాం, చేప కాలుస్తాం. ఆకు కోసం అదిగో, ఆ మూల వేరే అరటి ఉంది. దాని పండు నిండా గింజలే, ఎవరూ తినరు. ఆకు ఎంత కావాలంటే అంత కోసుకో. ఇది పండు చెట్టు. గెల వేశాక కొత్తాకు రాదు కదా! ఉన్న ఆకులతోనే కదా ఆ కాయలన్నీ ఊరాలి? పిల్లకి పాలిస్తున్న తల్లి ముందు కంచం లాగేస్తావా?"

గెలేశాక కొత్తాకు రాదని నాకు తెలుసు. మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. కానీ మా వైపు ఎకరాలకెకరాలు తోటలు, ఎవరో రెండాకులు కోసుకుంటే ఏ గెలా చిన్నబోదు. వాన పడుతుంది, ఎండ కాస్తుంది, వారం తిరక్కుండా ఇంకో మొవ్వు విచ్చుకుంటుంది.

పెర్త్‌లో మా పెరట్లోనూ అరటి ఉందని గొప్పగా చెప్పాను. రోకియా ఆంటీ కాస్త చల్లబడి, "మీ పెరట్లో ఎన్నాళ్ళకి ఒక ఆకు వస్తుంది?" అని అడిగింది.

"చలికాలంలో..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

రాదు. మా పెర్త్‌లో చలికాలమంతా ఒక్క ఆకు విచ్చుకోదు. ఎండాకాలంలో దాచుకున్న నాలుగాకులతోనే చెట్టు చలినంతా ఈదుతుంది. ఆ చలి తగ్గి, అది ఊపిరి పీల్చుకుని, గెల వెయ్యడానికి సిద్ధమయ్యే వేళకి ఏమొస్తుంది? కార్తీకమాసం! గోదావరి ఒడ్డున వానలు వెళ్ళాక ఆకులు విరగబడి ఉండే కార్తీకం, మా పెరట్లో చెట్టు చిక్కి శల్యమై ఉన్నప్పుడు వస్తుంది. సరిగ్గా అప్పుడు నేను గేటు బార్లా తీసి, అరవైమంది భోజనాలకి దాన్ని గుండు చేసి పంపిస్తున్నాను. ఆ తర్వాత కూర్చుని పళ్ళు ఎందుకు రావడంలేదని ఏడుస్తున్నాను. ఎరువులు మార్చాను, నీళ్ళు మార్చాను, గోడకి దుప్పట్లు కట్టాను. పంచాంగం మాత్రం గోదావరి జిల్లాదే చూసుకున్నాను.

రెండాకులూ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. అదే సమయంలో ఎగిరి గంతెయ్యాలనీ ఉంది. ఇన్నేళ్ళకి రోగం తెలిసింది కదా!

రోకియా ఆంటీకి క్షమాపణ చెప్పాను. శిక్షగా నాచేత ఎరువు బస్తా ఒకటి మోయించింది. కోసిన రెండాకుల మీదే ఆవేళ మా పండగ భోజనం. మీనూ అంతా విని, "చిన్నమ్మమ్మ గాట్ స్కోల్డింగ్ లా" అని సాయంత్రం దాకా పాట పాడింది.

ఆ సాయంత్రం ఫోను

దీపాలు పెట్టాక మా ఆయన వీడియో కాల్ చేశారు. మొహం వెలిగిపోతోంది. ఫోన్ పెరట్లోకి తీసుకెళ్ళి చెట్టుని చూపించారు. మొవ్వులోంచి ఎర్రగా, కోడిపుంజు తలలా, పువ్వు బయటికొస్తోంది! గెలేసింది! సరైన కాలంలో, ఎండలకి ముందు. ఆరాకులు నిండుగా ఉన్నాయి. ఈ లెక్కన ఏప్రిల్‌లోపు పండు ఖాయం. నేను సోఫాలోంచి లేచి అరిచాను.

పక్కనుంచి అత్తయ్యగారి గొంతు. "అమ్మాయ్, సుభద్ర ఫోన్ చేసింది. వచ్చే ఆదివారమే వనభోజనాలట. పొద్దున్నే ఆకులకి వస్తామంది. రమ్మన్నాను."

పొద్దున్న తెలిసిందంతా ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"అయితే ఏమంటావు? మాటిచ్చాక రావద్దనమంటావా?"

"పండు కావాలో ఆకు కావాలో తేల్చుకోండి అత్తయ్యా. రెండూ రావు."

"ఏటా ఇచ్చేది నువ్వు. ఇప్పుడు లేదని చెప్పాల్సింది నేనా?" అని ఫోన్ మా ఆయన చేతికిచ్చేశారు. మా ఆయనేమో, "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకండి" అని తప్పుకున్నారు. ఆయన ఎప్పుడు తప్పుకోలేదు గనక!

సరే, నేనే సుభద్రగారికి ఫోన్ చేశాను. ఆవిడే ఏటా వనభోజనాలు జరిపించేది. నేను నోరు విప్పేలోపే, "మీ ఆకులు లేకపోతే మాకు కార్తీకమే లేదండీ, ఈసారి కొత్తగా వచ్చిన పిల్లలు కూడా బోలెడుమంది వస్తున్నారు, ఆకు మీద తిని ఏళ్ళైందట" అంది. షిప్‌యార్డు మనిషి అరచేత్తో ఆకు తుడుచుకోవడం కళ్ళముందు మెదిలింది. "దీపావళి శుభాకాంక్షలు చెబుదామని చేశానండీ" అని పెట్టేశాను. బ్యాంకు ఆఫీసరుతో కత్తి పట్టుకుని పోట్లాడినదాన్ని, ఒక్క కాదు అనలేకపోయాను.

క్రాంజీ

బుధవారం రోకియా ఆంటీ తన స్నేహితురాలి తోటకి తీసుకెళ్ళింది. క్రాంజీ ఊరికి ఆ చివర. ఫ్లాట్లు మాయమై పొలాలొస్తాయి. బస్సు ఒకటి తప్పిపోతే ఎండలో నిలబడాలి. మేం నిలబడ్డాం. పనస, రంబుటాన్, సపోటా, వరసల్లో అరటి. చూడ్డానికి పండగలా ఉంది. నేను మాత్రం పెర్త్‌లో ఆ ఒక్క చెట్టు గురించే ఆలోచిస్తూ బురదలో కాలు వేసి చెప్పు పోగొట్టుకున్నాను. ఇద్దరం కలిసి కర్రతో కెలికితే బయటపడింది.

అరటి బజ్జీలు తిన్నాం. మనం పచ్చి అరటికాయతో వేస్తాం, వాళ్ళు బాగా పండినదాన్ని పిండిలో ముంచి వేయిస్తారు. గోరెంగ్ పిసాంగ్. పైన కరకర, లోపల పాకం. మా వంటల్లో దీనికి జోడీ లేదని ఒప్పుకున్నాను. రోకియా ఆంటీకి ఆ మాట నచ్చింది.

నా గోడంతా విని, "కాదంటే చచ్చిపోతారా వాళ్ళు?" అంది.

"వాళ్ళు చావరు. నేనే, పేరు పోతుందని చస్తున్నాను" అన్నాను. అప్పటిదాకా ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదు.

ఆ రాత్రి మళ్ళీ ఇంటికి ఫోన్ చేస్తే అత్తయ్యగారు మోకాళ్ళ గురించి, పక్కింటి కుక్క గురించి చెప్పారు. చెట్టు ఊసెత్తితే, "నువ్వు ఊరు చూడ్డానికి వెళ్ళావు, చూడు" అన్నారు. ఆదివారం పొద్దున్న ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. స్రవంతి నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళింది. ఏం చూశానో అడక్కండి.

పెర్త్

సోమవారం ఇంటికొచ్చి, పెట్టె గుమ్మంలోనే వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను.

పక్క పిలకలకి తలా ఒక ఆకు పోయింది. గెలేసిన చెట్టుకి ఆరాకులూ ఉన్నాయి! దాని మొదట్లో మా ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ మీద అత్తయ్యగారి శాలువా.

ఆదివారం తెల్లారకముందే ఆవిడ ఆ కుర్చీలో కూర్చున్నారట. సుభద్రగారి బృందం కత్తులతో వస్తే, "దీన్ని ముట్టుకోకండి, ఇది నేను తినాలి. నేను వెళ్ళేలోపు పండాలి" అని చెప్పారట. అంతే. సాకుల్లేవు, మొహమాటం లేదు. వాళ్ళు పక్క పిలకల ఆకులు ఒకటీ అరా కోసుకుని, కొట్లో దొరికే ఫ్రిజ్ ఆకులు కొనుక్కుని, మిగతావాళ్ళకి పేపరు ప్లేట్లు వేసుకుని వెళ్ళారు. అత్తయ్యగారు కూడా వెళ్ళి పేపరు ప్లేటులోనే తిని, పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పి మరీ వచ్చారు.

ఎండాకాలమంతా ఆ చెట్టుకి కాపలా మేమిద్దరమే. మార్చి చివర గెల దించాం. మా చేతిమందాన కాయలు! గోనెసంచిలో చుట్టి మగ్గబెట్టాం. మొదటి పండు ఒలిచి ఆవిడ చేతికిచ్చి, పరీక్ష రాసిన పిల్లలా ఎదురుగా నిలబడ్డాను. నిదానంగా నమిలారు.

"తీపి కొంచెం తక్కువే" అన్నారు. రెండోది ఆవిడే ఒలుచుకున్నారు.

అది అయ్యాక చెయ్యి కడుక్కుంటూ, "గెల దించిన చెట్టు ఎలాగూ కొట్టెయ్యాలిగా? సుభద్రకి ఫోన్ చెయ్యి. ఆకులన్నీ కోసుకుందాం. అందరినీ రమ్మను" అన్నారు.

ఏప్రిల్లో ఆవిడ ప్రయాణానికి ముందు ఆదివారం మా పెరట్లో పంక్తి వేశాం. గాలికి చిరిగిన ఆకుల్ని పుల్లలతో కుట్టాం. అందరికీ అరపండు చొప్పున వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఆకు మీద నీళ్ళు చల్లి అరచేత్తో తుడుస్తుంటే నాకు కన్నీళ్ళాగలేదు. నా అరటి కాసినందుకో, ఆవిడ వెళ్ళిపోతున్నందుకో, ఏదైతేనేం, ఏడ్చాను.

మర్నాడు కారెక్కేముందు అత్తయ్యగారు కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. పిలకల చుట్టూ తిరిగి, ఒకదాన్ని కర్రతో తట్టారు.

"దీన్నుంచు. మిగతావి తీసెయ్. కార్తీకంలో ఎవరైనా కత్తి పట్టుకుని వస్తే ఫోన్ నాకు కలుపు, నేను మాట్లాడతా. నీకు నోరే గానీ, కాదనడం చేతకాదు."